అన్నీ మూయడమేనా?

‘క్లోజ్ అన్నా షట్ అన్నా ఒకటే, ఎదుటివాడికి అర్థమైతే చాలు’ అన్న మాట మన దగ్గర ఇంగ్లీషు చదువుకు మూలసూత్రమై కూర్చుంది. బడి గైడ్లలో పర్యాయపదాల పట్టిక చూడండి. షట్‌కు ఎదురుగా క్లోజ్, క్లోజ్‌కు ఎదురుగా షట్, రెండింటికీ తెలుగులో ‘మూయు’. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ అదే పట్టిక. స్పోకెన్ ఇంగ్లీషు శిక్షణలో ఇంకో మెట్టు ఎక్కి, ‘షట్ మోటు మాట, క్లోజ్ మర్యాద మాట, ఎప్పుడూ క్లోజే వాడండి’ అని చెప్పేవాళ్ళున్నారు. ఆ పట్టిక తప్పు, ఈ సలహా ఇంకా తప్పు. పండితుల పట్టింపు కొద్దీ ఈ మాట అనడం లేదు. ఈ మాటలున్న కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్ళు, కరెంటు స్తంభాలెక్కేవాళ్ళు, ఫ్యాక్టరీ గేటుకు అంటించిన నోటీసు ముందు నిలబడేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. వాళ్ళకు ఆ పట్టిక చేస్తున్న అన్యాయం గురించే నా బాధ.

మూయడం ఒక్క పనే అయినా దాని చుట్టూ మనిషికి తెలియాల్సినవి ఎన్నో ఉంటాయి. ఎవరు మూశారు? లోపలి నుంచా, బయటి నుంచా? తోస్తే తెరుచుకుంటుందా, తాళంచెవి కావాలా? ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది? రేపు పొద్దున తెరుస్తారా, ఇక ఎప్పటికీ తెరవరా? క్లోజ్, షట్, లాక్, సీల్, షట్‌డౌన్, లాకౌట్, క్లోజర్, ఫోర్‌క్లోజర్ అనే ఇంగ్లీషు మాటలు ఈ ప్రశ్నలకు వేర్వేరు జవాబులు చెబుతాయి. అన్నింటినీ ‘మూయు’ అంటూ ఒకే గాటన కట్టేస్తే ఆ జవాబులన్నీ పోతాయి.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. తలుపు, కిటికీ, పెట్టె, కళ్ళు, పుస్తకం వంటి వాటి దగ్గర ఇంగ్లీషువాళ్ళే షట్‌కూ క్లోజ్‌కూ పెద్దగా తేడా చూపరు. పర్యాయపదాల పట్టిక రాసినవాళ్ళు ఈ కాసిని వస్తువుల్ని చూసి అక్కడే ఆగిపోయారు. గడప దాటితే పొత్తు చెడుతుంది. సభను క్లోజ్ చేస్తారు, షట్ చెయ్యరు. ఖాతా, చర్చ, ఒప్పందం, దర్యాప్తు దేన్నీ షట్ చెయ్యడం కుదరదు. ‘ఎ క్లోజ్డ్ డోర్’ అనొచ్చు గానీ ‘ఎ షట్ డోర్’ అంటే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. షట్ సాధారణంగా నామవాచకం ముందుకు రాదు, ‘ది డోర్ ఈజ్ షట్’ అని వెనకే నిలబడుతుంది.

దీనికి కారణం చరిత్రలో ఉంది. షట్ ఇంగ్లీషు నేల మీద పుట్టిన మాట. పాత ఇంగ్లీషులో దాని మూలరూపానికి గడియను తోసి బిగించడం అని అర్థం. బాణం వదలడాన్ని చెప్పే షూట్, మగ్గం మీద అటూ ఇటూ దూసుకుపోయే నాడెకున్న షటిల్ అనే పేరు, దుకాణం ముందు దిగే షట్టర్ అన్నీ ఆ కుదురులోవే. క్లోజ్ వలస వచ్చిన మాట. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొలువులోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి పెత్తనం సాగింది. దాని వెంట లాటిన్ ‘క్లౌడెరె’ సంతానం వచ్చి చేరింది. ఒప్పందంలో ఉండే క్లాజ్, క్రైస్తవ సన్యాసుల మఠంలోని క్లోయిస్టర్, ఇన్‌క్లూడ్, ఎక్స్‌క్లూడ్, కన్‌క్లూడ్ అన్నీ దాని అక్కచెల్లెళ్ళు. అందుకే షట్ చేతికి తగిలే వస్తువుల దగ్గర ఉండిపోయింది, క్లోజ్ కాగితాల మీదికీ కచేరీల్లోకీ వెళ్ళింది. ఈ కథ ఎనిమిదో తరగతి పిల్లవాడికి పది నిమిషాల్లో చెప్పొచ్చు. పట్టిక బట్టీ పట్టించడానికి అంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది.

‘షాప్ క్లోజ్’ అని రాసి తలుపుకు తగిలించిన అట్టముక్కలు అన్ని ఊళ్ళలోనూ కనిపిస్తాయి. తెలుగులో ‘తెరిచి ఉంది’, ‘మూసి ఉంది’ రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కాబట్టి ఓపెన్ పక్కన క్లోజ్‌ను నిలబెడతాం. ఇంగ్లీషులో ఆ జంట కుదరదు. ఓపెన్ విశేషణంగానూ క్రియగానూ అదే రూపంతో పనిచేస్తుంది, మూసి ఉందని చెప్పడానికి మాత్రం క్లోజ్డ్ అనాలి. చివరి డకారం తీసేస్తే మిగిలేది సకారంతో పలికే మరో మాట, దాని అర్థం దగ్గర. క్లోజ్ ఫ్రెండ్ అనేటప్పుడు పలకాల్సింది ఆ సకారమే. మనం రెండింటినీ జకారంతోనే రాస్తాం గనక ఆ తేడా పిల్లల చెవికి చేరదు. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళలో కొందరి చిరునామాల్లో వీధి పేరు చివర ఈ సకారపు మాట ఉంటుంది. అక్కడ అది చివర దారి లేని చిన్న వీధి.

అట్టముక్క మీద ఒక అక్షరం తగ్గితే పప్పులు కొనడానికి వచ్చినవాళ్ళకు నష్టమేమీ లేదు. నష్టం ఆ జంటను బట్టీ పట్టించడంలో ఉంది. ఓపెన్, క్లోజ్ ఎప్పుడూ ఒకే తీరున ఎదురెదురుగా ఉంటాయని పిల్లవాడు నమ్మేస్తాడు. ఆ నమ్మకం ఎక్కడికి తీసుకుపోతుందో కరెంటు దగ్గర చూద్దాం. దానికి ముందు ‘మోటు మాట’ సంగతి తేల్చాలి.

‘షట్ అప్’ తిట్టు కాబట్టి షట్ కూడా సగం తిట్టే అన్నది ఆ ప్రచారం వెనకున్న తర్కం. తెలుగు వచ్చినవాళ్ళు దీనికి ఎలా లొంగిపోయారో నాకు అంతుబట్టదు. ‘నోరు ముయ్యి’ అంటే తిట్టే. అంతమాత్రాన ‘ఆ కిటికీ కాస్త ముయ్యమ్మా’ అంటే ఎవరైనా నొచ్చుకుంటారా? గుచ్చుకునేది నోటి మీది అధికారం, మూయడంలో ఏ దోషమూ లేదు. ఇంగ్లీషు ఇళ్ళలో తల్లులు పిల్లలకు, ఆఫీసుల్లో ఉద్యోగులు పైఅధికారులకు ‘ప్లీజ్ షట్ ది డోర్’ అని రోజూ చెప్పుకుంటారు, అందులో కొంచెం కూడా కటుత్వం లేదు. ఆ షట్ అప్ కూడా మొదట్లో నోటికి సంబంధించింది కాదు. 1665లో లండన్‌ను ప్లేగు కమ్ముకున్నప్పుడు రోగం సోకిన ఇళ్ళను ‘షట్ అప్’ చెయ్యమని నగర పాలకులు ఆజ్ఞలిచ్చారు. రోగినీ, ఏ రోగమూ లేని ఇంటిల్లిపాదినీ కలిపి లోపలే ఉంచి తలుపు బిగించేవారు. దాని మీద ఎర్ర శిలువ గుర్తు వేసి, బయట పగలూ రాత్రీ కావలివాళ్ళను పెట్టేవారు. డేనియల్ డెఫో 1722లో వెలువరించిన ప్లేగు సంవత్సరపు దినచర్యలో ఈ ఇళ్ళ గురించి పుటలకు పుటలున్నాయి. లోపలివాళ్ళు కావలివాడి కన్ను కప్పి ఎలా పారిపోయేవారో, పారిపోలేనివాళ్ళు ఏమయ్యారో అందులో చదవొచ్చు. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా అమలైన లాక్‌డౌన్ పేరు కూడా ఇలాంటిదే. ఖైదీలను గదుల్లోంచి కదలనివ్వకపోవడానికి అమెరికా జైళ్ళలో వాడుకలోకి వచ్చిన మాట అది. ఇంత బరువు మోసే మాటల్ని మర్యాద, అమర్యాద అనే రెండు గళ్ళలో సర్దేసి చేతులు దులుపుకోవడం చదువు చెప్పడం కాదు.

ఇక్కడ ఒక వాదన ఎదురొస్తుంది. ఇంత సూక్ష్మం తెలుగులో లేదు, అందుకే మనవాళ్ళకు పట్టుబడదు అంటారు. అసలు అబద్ధం ఇదే. తెలుగులో అన్నింటినీ మూస్తామా? తలుపు వేస్తాం. గడియ పడకుండా ఊరికే చేరవేస్తాం. గొళ్ళెం పెడతాం, తాళం వేస్తాం, గిన్నెకు మూత పెడతాం, సీసాకు బిరడా బిగిస్తాం. గొడుగు ముడుస్తాం, గొయ్యి పూడుస్తాం, కుళాయి కట్టేస్తాం, దీపం ఆర్పుతాం. దుకాణం సంగతి చూడండి. రాత్రి పది గంటలకు కొట్టు కట్టేశారంటే పొద్దున్నే తీస్తారు. దుకాణం ఎత్తేశారంటే మరి కనిపించరు. క్లోజ్డ్‌కూ క్లోజ్డ్ డౌన్‌కూ ఉన్న తేడా సరిగ్గా ఇదే. ఈ తేడా తెలియని తెలుగు పిల్లలు లేరు. వాళ్ళకు తెలిసినదాన్ని పక్కకు నెట్టి, నిఘంటువులోని ఒక్క ‘మూయు’ను వాళ్ళ నెత్తిన పెట్టింది మన పాఠాలే. చేరవేసిన తలుపుకూ తాళం వేసిన తలుపుకూ తేడా చూడగల పిల్లకు షట్‌కూ లాక్‌కూ తేడా నేర్పలేకపోతే ఆ లోపం పిల్లది కాదు.

ఆ చివరి తేడా మీద ప్రాణాలు ఆధారపడే చోటు ఒకటుంది. పెద్ద ఆసుపత్రుల్లో, మాల్స్‌లో, ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో మెట్ల దగ్గర ఫైర్ డోర్ ఉంటుంది. బ్రిటన్‌లో ఆ తలుపు మీద నీలిరంగు వృత్తంలో ‘ఫైర్ డోర్, కీప్ షట్’ అని ఉంటుంది. తీగలూ పైపులూ వెళ్ళే గది తలుపు మీద మాత్రం ‘కీప్ లాక్డ్ షట్’ అని ఉంటుంది. మొదటి తలుపు ఎప్పుడూ వేసి ఉండాలి, పొగ మెట్లమీదికి రాకూడదు. కానీ ఏ క్షణాన ఎవరు తోసినా తెరుచుకోవాలి, ఎందుకంటే మనుషులు పారిపోయే దారి అదే. రెండో దానికి తాళం తప్పనిసరి. ఒక్క మాట కలిస్తే అర్థం ఇంతగా మారుతుంది. మన దగ్గర ఇలాంటి తలుపులకు అయితే రాయి అడ్డం పెట్టి బార్లా తెరిచి ఉంచుతారు, లేదంటే దొంగల భయంతో తాళం కప్ప వేస్తారు. రెండూ ప్రాణాంతకమే. ‘మూసి ఉంచండి’ అని తెలుగులో రాసినా కాపలాదారుడు తాళమే వేస్తాడు, అందుకని ‘తలుపు వేసి ఉంచండి, తాళం వెయ్యకండి’ అని రాయాలి. 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమా హాలు కాలినప్పుడు 59 మంది చనిపోయారు. బాల్కనీలో ఒకవైపు నడకదారిని అదనపు సీట్లతో నింపేసి, బయటికి పోయే మార్గాన్ని అడ్డుకున్నారని కోర్టుల్లో తేలింది. అక్కడ జరిగింది మాటల పొరపాటని నేననడం లేదు. మూతల్లో రకాలున్నాయన్న స్పృహ లేని చోట ఏమవుతుందో చెబుతున్నాను.

ఇప్పుడు కరెంటు. ‘లైట్ క్లోజ్ చెయ్’, ‘ఫ్యాన్ క్లోజ్ చెయ్’ అంటే మన ఇళ్ళలో ఆపమని అర్థం. విద్యుత్తు పనిలో క్లోజ్ దీనికి పూర్తిగా తలకిందులు. స్విచ్ క్లోజ్ అయితే వలయం పూర్తయి కరెంటు పారుతుంది, ఓపెన్ అయితే వలయం తెగి ఆగుతుంది. సబ్‌స్టేషన్‌లో ‘బ్రేకర్ క్లోజ్ చేశాను’ అంటే లైను మీదికి కరెంటు వదిలానని. అదే ఆవరణలో నీటి పైపు మీదున్న వాల్వ్ క్లోజ్ అంటే నీరు ఆగిందని. ఒకే పంపుహౌసులో, ఒకే మనిషి, ఒకే గోడ మీద పక్కపక్కన ఉన్న రెండు పరికరాల దగ్గర ఈ మాటను రెండు వ్యతిరేకార్థాల్లో చదవాలి. ఇందులో వింతేమీ లేదు. క్లోజ్ అసలు భావం ఖాళీని పూడ్చి రెండంచులను కలపడం. తీగల అంచులు కలిస్తే దారి ఏర్పడుతుంది, గొట్టం అంచులు కలిస్తే దారి పోతుంది. ఇంతవరకు వివరించిన ఉపాధ్యాయుడి దగ్గర చదువుకున్నవాడు బతుకుతాడు. ‘క్లోజ్ అంటే ఆపడం’ అని మాత్రమే నేర్చుకున్నవాడు, ‘బ్రేకర్ క్లోజ్‌లో ఉంది’ అని ఫోనులో విని తీగ మీద చెయ్యి వేస్తే? ఆ ప్రమాదం తెలిసే విద్యుత్ శాఖలో పనిచేసేవాళ్ళు వేరే మాట పెట్టుకున్నారు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్. పని ముగించి కిందికి దిగాక దాన్ని తిరిగిస్తాడు. అంతవరకూ ఆ లైను మీదికి కరెంటు వదలకూడదు. మాటల తేడా అనవసరం అనేవాళ్ళు స్తంభం ఎక్కేవాళ్ళను అడిగి చూడాలి. ఫ్యూజు పోతే తామే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళే రైతులు మన పల్లెల్లో ఎంతమందో ఉన్నారు. వాళ్ళ పిల్లలు బళ్ళో చదువుతున్నది ఆ పర్యాయపదాల పట్టికే.

బ్యాంకుల విషయానికి వస్తే మోసపోవడానికి ఇంకా ఎక్కువ ఆస్కారం ఉంది. ‘లోన్ క్లోజ్ అయిపోయింది’ అని సంబరపడి, రెండేళ్ళ తర్వాత ఇంటి రుణానికి వెళ్తే తిరస్కరించారని బాధపడేవాళ్ళుంటారు. క్రెడిట్ నివేదికలో ‘క్లోజ్డ్’ అని ఉంటే బాకీ పూర్తిగా తీరిందని. ‘సెటిల్డ్’ అని ఉంటే రావాల్సినంతా రాకపోయినా బ్యాంకు రాజీపడి వదిలేసిందని. ‘రిటెన్ ఆఫ్’ అంటే వసూలు కాదని బ్యాంకు తన లెక్కల్లోంచి తీసేసిందని, బాకీ మాత్రం అలాగే ఉంది. వసూలు ఏజెంటు ఫోన్ చేసి ‘ఈ మొత్తం కట్టండి, క్లోజ్ చేసేస్తాం’ అంటే అతను చెబుతున్నది ఈ మూడింటిలో ఏదో కాగితం మీద రాయించుకోవాలి. క్రెడిట్ కార్డును కత్తిరించి చెత్తబుట్టలో పడేస్తే అది క్లోజ్ కాదు. బాకీ లేకుండా కట్టి, మూసివేయమని కోరాలి. కోరిన 7 పనిదినాల్లో బ్యాంకు ఆ పని చెయ్యకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లో పెట్టింది. అలాగే రెండేళ్ళకు పైగా లావాదేవీలు లేని పొదుపు ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది, దాన్ని క్లోజ్ అయిందనుకుని వదిలేసినవాళ్ళు ఎందరో. పదేళ్ళు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి పోతుంది. అప్పటికీ ఖాతాదారు హక్కు చావదు, అడిగి తెచ్చుకోవచ్చు. అమ్మమ్మల, తాతయ్యల పాత పాసుపుస్తకాలు బీరువాల్లో పడి ఉన్న ఇళ్ళకు ఈ తేడా విలువ రూపాయల్లో తెలుస్తుంది.

ఫోర్‌క్లోజర్ అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట. మన బ్యాంకుల్లో ‘లోన్ ఫోర్‌క్లోజ్ చేశాం’ అంటే గడువుకు ముందే మొత్తం కట్టేశామని, అంటే శుభవార్త. చలన వడ్డీ ఉన్న ఇంటి రుణాల మీద వ్యక్తుల నుంచి ఫోర్‌క్లోజర్ రుసుము వసూలు చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించింది, ఆ కాగితంలోనూ మాట అదే. అమెరికాలో ఫోర్‌క్లోజర్ అంటే కిస్తీలు కట్టలేకపోతే ఇల్లు లాక్కోవడం. 2008 ఆర్థిక సంక్షోభంలో లక్షలాది కుటుంబాలు అలా ఇళ్ళు పోగొట్టుకున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్తగా స్థిరపడిన తెలుగాయన ‘మా ఇంటి లోన్ ఫోర్‌క్లోజ్ చేశాం’ అని ఆఫీసులో ఆనందంగా చెబితే ఎదుటివాళ్ళు ఓదార్చడం మొదలుపెడతారు. ఇది రెండు దేశాల తేడా అని సరిపెట్టుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే మన చట్టంలో కూడా ఆ భయంకరమైన అర్థమే ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 67వ సెక్షన్ ప్రకారం ఫోర్‌క్లోజర్ అంటే తాకట్టు పెట్టిన మనిషికి దాన్ని విడిపించుకునే హక్కు శాశ్వతంగా లేకుండా చెయ్యడం. కరపత్రంలో ఒక అర్థం, చట్టంలో దానికి వ్యతిరేకమైన అర్థం ఉన్న మాట మీద మన ఇళ్ళ పత్రాలు నడుస్తున్నాయి.

అదే అమెరికాలో ‘క్లోజింగ్’ మంగళకరమైన మాట. ఇల్లు కొనేవాళ్ళు ఆఖరి సంతకాలు పెట్టి తాళంచెవులు అందుకునే రోజును అలా పిలుస్తారు. ‘వచ్చే శుక్రవారం మా క్లోజింగ్’ అని కొడుకు ఫోనులో చెబితే, ఇక్కడ తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్న తండ్రి ఏ కంపెనీ మూతపడిందోనని కంగారు పడకుండా ఉండాలంటే ఆ మాటలోని ‘ముగింపు’ దేనికి చెందిందో తెలిసి ఉండాలి. ముగిసింది బేరం, మొదలైంది సొంతిల్లు.

నాకు మరీ దుఃఖం కలిగించేది ఫ్యాక్టరీ గేటు. ఫ్యాక్టరీలో పని ఆగితే మన పత్రికలు ‘మూతపడింది’ అని రాసి ఊరుకుంటాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అలా ఊరుకోలేదు. అందులో లేఆఫ్, లాకౌట్, క్లోజర్ మూడూ వేర్వేరు నిర్వచనాలున్న మాటలు. ముడిసరుకో బొగ్గో కరెంటో లేక యజమాని తాత్కాలికంగా పని ఇవ్వలేకపోతే లేఆఫ్. ఉద్యోగం పోదు, అర్హత ఉన్న కార్మికుడికి మూలవేతనం, కరువుభత్యాల్లో సగం పరిహారంగా ఇవ్వాలి. ఐటీ ఉద్యోగులు లేఆఫ్ అనేది దీని అమెరికన్ సవతి, అక్కడ ఉద్యోగమే పోతుంది. లాకౌట్ వివాదంలో యజమాని చేతి ఆయుధం, కార్మికుడికి సమ్మె ఎలాంటిదో యజమానికి ఇది అలాంటిది. గేటుకు తాళం పడుతుంది, సంబంధం తెగదు. క్లోజర్ అంటే వ్యాపారాన్నే శాశ్వతంగా ముగించడం. లాకౌట్‌లో మూసేది పనిచేసే చోటును, క్లోజర్‌లో మూసేది వ్యాపారాన్నే అని 1960 దశకంలోనే ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను తేల్చి చెప్పింది. కనీసం 100 మంది కార్మికులున్న ఫ్యాక్టరీ క్లోజర్‌కు 90 రోజుల ముందే ప్రభుత్వ అనుమతి కోరాలని ఆ చట్టం పెట్టింది, 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల నియమావళి ఆ సంఖ్యను 300 చేసింది. క్లోజర్ జరిగితే ప్రతి పూర్తి సంవత్సరం సర్వీసుకూ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. ఇలా ఒక్కో మాట వెనక ఒక్కో హక్కు ఉంది.

నిజాం చక్కెర కర్మాగారాన్ని తలుచుకుంటే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 2015 డిసెంబరులో బోధన్ సహా మూడు యూనిట్లలో లేఆఫ్ ప్రకటించారు. ఊళ్ళో అందరూ మూతపడిందనే అన్నారు, యంత్రాలు తుప్పు పట్టడం కళ్ళారా చూశారు. కాగితం మీద ఉన్నది మాత్రం తాత్కాలికాన్ని చెప్పే మాట. పని లేదు, పని పోయిందన్న నిర్ణయమూ లేదు, ఆ రెంటి మధ్య కార్మికుల ఏళ్ళు కరిగిపోయాయి. సిర్పూర్ పేపర్ మిల్లు కథ మరో దారిలో నడిచింది. 2014 సెప్టెంబరులో ఉత్పత్తి ఆగింది, జేకే పేపర్ చేతికి వచ్చాక 2018లో మళ్ళీ మొదలైంది. ఒకే మాటతో వార్త రాస్తే ఈ రెండు ఊళ్ళ మధ్య తేడా పాఠకుడికి అందదు. కార్మికుడికైతే ఏ అధికారి దగ్గరికి ఏ అర్జీ పట్టుకుని వెళ్ళాలో కూడా అందదు.

పోలీసు కేసుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ‘కేసు క్లోజ్’ అని శీర్షిక పెడతారు, ఫిర్యాదు చేసిన తల్లి ఇక దారి లేదనుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. పోలీసులు కోర్టుకిచ్చింది క్లోజర్ రిపోర్టు, అది వాళ్ళ అభిప్రాయం మాత్రమే. దాన్ని అంగీకరించాలో, తిరిగి దర్యాప్తు చెయ్యమనాలో, తానే కేసు విచారణకు తీసుకోవాలో తేల్చేది మేజిస్ట్రేటు. అంగీకరించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆమె ఆ నివేదికను వ్యతిరేకిస్తూ పిటిషన్ వేసుకోవచ్చు. ‘పోలీసులు మూసేయమంటున్నారు, కోర్టు ఇంకా మూయలేదు’ అన్న ఒక్క వాక్యం ఆ తల్లికి న్యాయం దక్కే అవకాశాన్ని నిలబెడుతుంది.

ఇక మిగిలిన ఆక్షేపణ గౌరవించదగ్గది. భాషలు మారతాయి, భారతీయ ఇంగ్లీషు మనది, ‘లైట్ క్లోజ్ చెయ్’ అనడాన్ని తప్పనడం తెల్లవాడి బెత్తం పట్టుకోవడమే అంటారు. ఆ బెత్తం నా చేతిలో లేదు. లైట్ క్లోజ్ చెయ్యడం ఫిలిప్పీన్స్ ఇంగ్లీషులోనూ ఉంది, ఫ్రెంచి వాసన తగిలిన క్విబెక్ ఇంగ్లీషులోనూ ఉంది. తల్లిభాష తన ముద్ర వేస్తుంది, అది సహజం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇంట్లో ఆ మాట అనే మనిషిని నేను దిద్దను. నా పోరు తేడాయే లేదని బోధించేవాళ్ళతో. ఒక మాటకు కొత్త అర్థం చేర్చుకోవడం భాషకు ఎదుగుదల. ఉన్న నాలుగు అర్థాల్నీ చెరిపేసి ఒకటే ఉందని చెప్పడం ఎదుగుదల కాదు, అది పిల్లల చేతిలోంచి పనిముట్లు లాక్కోవడం. పైగా ఇది అందరికీ సమానంగా తగలదు. ఖరీదైన బడుల్లో చదివే పిల్లలకు ఈ తేడాలు ఇంట్లోనే, పుస్తకాల్లోనే అబ్బుతాయి. పట్టిక మీద ఆధారపడేది సర్కారు బడి పిల్లలు, ఊరి ట్యూషన్ పిల్లలు. ‘అర్థమైతే చాలు’ అన్న సూత్రం ఆచరణలో ‘మీకు ఇంత చాలు’ అనడమే అవుతుంది.

సామాన్యుడికి ఇదంతా దేనికి, అవసరమైతే వకీలు చెబుతాడు అనేవాళ్ళకు ఒక్కటే జవాబు. నోటీసు వకీలుకన్నా ముందు సామాన్యుడికే చేరుతుంది. అది ఫ్యాక్టరీ గేటుకు అంటుకుని ఉంటుంది, ఫోనులో సందేశమై వస్తుంది, గడువు ఆ రోజు నుంచే లెక్క. అందుకే పదో తరగతి లోపు పర్యాయపదాల పట్టిక తీసేసి, ఆ చోటులో నిజమైన నోటీసుల్ని చదివించాలి. ఫైర్ డోర్ పలక, క్రెడిట్ నివేదిక పుట, ఫోర్‌క్లోజర్ పత్రం, సబ్‌స్టేషన్ బోర్డు, గేటు మీది కాగితం అన్నీ ఉండాలి. ప్రతిదాని దగ్గర ఇది మళ్ళీ తెరుచుకుంటుందా, తెరవాల్సింది ఎవరు అని పిల్లల్ని అడగాలి, జవాబు తెలుగులోనే చెప్పనివ్వాలి. ఆ పిల్ల రేపు తండ్రి చెయ్యి పట్టుకుని గేటు ముందు నిలబడినప్పుడు, లేఆఫ్ అని ఉంటే సగం జీతం లెక్క అడుగుతుంది, లాకౌట్ అని ఉంటే సంఘం వాళ్ళతో కలిసి కార్మిక శాఖ ఆఫీసుకు నడుస్తుంది, క్లోజర్ అని ఉంటే ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాగితం చూపించమంటుంది.